ముందు కీచురాళ్ళు ఆగుతాయి

దెయ్యం సినిమాల మీద నాకొక అభిప్రాయం ఉంది. తలుపు ధడాలున మూసుకోవడం, చీకట్లోంచి పిల్లి దూకడం, ఒక్కసారిగా వయొలిన్లన్నీ కీచుమనడం, ఇవేవీ భయపెట్టవు. ఉలిక్కిపడేలా చేస్తాయి, అంతే. ఉలికిపాటు క్షణంలో పోతుంది. పక్కవాళ్ళను చూసి నవ్వుకుంటాం, చెయ్యి మళ్ళీ పాప్‌కార్న్ పొట్లంలోకి వెళుతుంది. భయం వేరు. పని తెలిసిన సౌండ్ డిజైనర్ దెయ్యాన్ని తెచ్చే ముందు కొత్త శబ్దం కలపడు, ఉన్నదాన్ని తీసేస్తాడు. ఊరి చివర పాత బంగళా, వరండాలో ఒక మనిషి, వెనక కీచురాళ్ళ రొద. సన్నివేశం మొదలైనప్పటి నుంచీ అది ఉంది కాబట్టి ఉందని కూడా మనకు తెలియదు. ఒకచోట అది ఆగుతుంది. తెర మీద ఏమీ మారదు. మనిషి అలాగే నిలబడి ఉంటాడు. కానీ హాల్లో అందరూ కుర్చీల్లో కొంచెం వెనక్కి జరుగుతారు, ఎందుకో వాళ్ళకే తెలియకుండా.

ఈ అభిప్రాయాన్ని నేను చాలామందికి చెప్పాను, అందరికంటే ఎక్కువగా మా అత్తకు. థియేటర్లకు వచ్చిన దెయ్యం సినిమాల్లో మేమిద్దరం కలిసి చూడనివి తక్కువ. కీచురాళ్ళు ఆగగానే నేను ఆమె మోచేతిని తట్టేవాణ్ణి. దెయ్యం ఎప్పుడొస్తుందో నేను ముందే చెప్పేస్తే ఇక తను టికెట్టు కొని ఏం ప్రయోజనమని విసుక్కునేది. అయినా ఎప్పుడైనా తట్టడం మరిచిపోతే ఇంటర్వెల్లో అడిగేది.

ఆ అభిప్రాయాన్ని ఇప్పటికీ మార్చుకోలేదు. నా విషయంలోనూ అలాగే జరిగింది కాబట్టి ఇంకా గట్టిగా నమ్ముతున్నాను. దాదాపు ఏడాది పాటు నా చుట్టూ శబ్దాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతూ వచ్చాయి. నా వినికిడి పోతోంది. దాన్ని నేను వినికిడి పోవడంగా గుర్తించలేదు. పాటల మీద, సినిమాల మీద, సీరియళ్ళ మీద నాకు కొత్తగా ఏర్పడుతున్న అభిప్రాయాలు అనుకున్నాను.

మా ఇల్లు రాయపురంలో, హార్బరుకు వెళ్ళే లారీల రోడ్డుకు కాస్త వెనక ఒక సందులో. ముత్తాత కాలం నుంచీ ఈ తమిళ నగరంలోనే మాది మిరపకాయలు, ధనియాల టోకు వ్యాపారం. నాన్న ఇప్పటికీ పొద్దున్నే కొట్టుకు వెళతారు. నేను ఆ ఘాటుకు దూరంగా ఉండాలని ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, ఎన్నూరు దారిలో ఒక ప్లాంటులో చేరాను. పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. అనుమానం వస్తే ఆ మీటరును విప్పి, నమ్మదగిన మరో మీటరు పక్కన పెట్టి పోల్చి చూస్తాం. తప్పు చూపించే మీటరు కూడా ముల్లు వణక్కుండా, ధీమాగానే చూపిస్తుంది. మాకు ట్రైనింగులో మొదట చెప్పేది ఇదే.

అత్త నాన్నకు చెల్లెలు. మేడ మీద గదిలో ఉంటుంది. మా ఇంట్లో కొట్టుతో సంబంధం లేని మనుషులం మేమిద్దరమే. ఆమె కోడంబాక్కంలో డబ్బింగ్ చెబుతుంది. తమిళ సీరియళ్ళు తెలుగులోకి వచ్చేటప్పుడు వాటిలోని ఆడవాళ్ళకు గొంతు ఇస్తుంది. మొదట్లో గుంపులో ఒక గొంతుగా, పెళ్ళిపందిట్లో గుసగుసగా, ఆసుపత్రిలో నర్సుగా వినపడేది. మా ఇంటి తెలుగు మైకు ముందు పనికిరాదు. ఈడ, ఆడ అంటే అద్దాల గది అవతల కూర్చున్నవాళ్ళు నవ్వుతారని, స్టూడియో మెట్లెక్కేటప్పుడే నోరు మార్చుకునేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే మళ్ళీ పాత నోరు. కొన్నేళ్ళుగా ఒక సీరియల్లో పెద్దకోడలికి ఆమే గొంతు. ఇంటిని నిలువునా చీల్చే పెద్దకోడలు. ఆ పాత్ర ఎప్పుడూ అరవదు. ఎంత పెద్ద ద్రోహం చేస్తున్నా పక్కవాళ్ళకు కాఫీ కావాలా అని అడుగుతున్నట్టే మాట్లాడుతుంది.

సాయంత్రం ఆ సీరియల్ వచ్చే వేళకు మా హాల్లో ఎవరి చోటు వాళ్ళది. నాన్న తల్లి, మా అవ్వ, పడక్కుర్చీలో. ఆమెకు చూపు బాగా తగ్గింది. సీరియల్‌ను చెవులతోనే చూస్తుంది. అత్త నేల మీద కూర్చుని, తెర వైపు తిరగకుండా, చిక్కుడుకాయలు ఒలుస్తూ తన గొంతు తాను వింటుంది. నేను తలుపు దగ్గర స్టూలు మీద. గోడ అవతల పక్కింటివాళ్ళు అదే వేళకు అదే సీరియల్‌ను తమిళంలో చూస్తారు. అది మాకంటే చాలా వారాలు ముందుంటుంది. మా ఇంట్లో ఇంకా పెళ్ళి మేళం మోగుతుంటే ఆ ఇంట్లో అప్పటికే విడాకులు. అవ్వకు తమిళం మా అందరికంటే బాగా వచ్చు, అదే చిక్కు.

"పక్కింట్లో ముందే ఏడ్చేస్తే ఇంక మనం ఏడ్చేదానికేముండాది," అని వాల్యూమ్ పెంచమనేది.

నన్ను మా ఇంట్లో 'చెవి' అని పిలుస్తారు. కాలేజీలో ఉన్నప్పుడొకసారి, ఆ సీరియల్లో హీరో ఇంటి గేటు, ఆసుపత్రి గేటు, జైలు గేటు తెరుచుకునే చప్పుడు ఒకే రికార్డింగు అని చెప్పాను. అత్త స్టూడియోలో అడిగితే అక్కడి సౌండ్ ఇంజనీరు నవ్వి ఒప్పుకున్నాడట. అప్పటి నుంచి ఎపిసోడ్ అయిపోగానే ఆమె పళ్ళెం పక్కన పెట్టి, "ఏం చెవీ, ఎట్టుండాది?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఏ వాక్యంలో ఊపిరి ముందే అయిపోయింది, తెర మీద పెదవులు కలిసినచోట మాటలో ప గాని, బ గాని, మ గాని లేకుండా ఎక్కడ బయటపడింది, బెదిరింపు ఎక్కడ ఉత్త కోపంగా మారి పలచబడింది. మర్నాడు ఆమె సరిదిద్దుకునేది. ఎవరేమన్నా లెక్కచేయని మనిషి ఈ ఒక్క విషయంలో నా మాటను తిరిగి అడక్కుండా తీసుకునేది.

సీరియళ్ళ నేపథ్య సంగీతాన్ని నేను నాలుగు రకాలుగా విభజించాను. ఒకటి, చిన్నకోడలు ఏడ్చేటప్పుడు వచ్చే వేణువు. ఇది లేని సీరియల్ ఎవరైనా తీస్తే వాళ్ళకు దండం పెడతాను. రెండు, శపథాలకు గుడిగంటలు. మూడు, మామగారి తమ్ముడు జారిపడేటప్పుడు వచ్చే స్ప్రింగు చప్పుడు, దాని గురించి మాట్లాడటం కూడా అనవసరం. నాలుగు, పెద్దకోడలు గుమ్మంలో కనపడినప్పుడు వచ్చే లోతైన మోత. అది దాదాపు రాగం లేనిది, చెవిలోకి కాకుండా కుర్చీ కాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కేది. నాకు నచ్చేది ఆ నాలుగోదే. మిగతావి మనం ఏం అనుకోవాలో చెబుతాయి. ఇది ఏదో వస్తోందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

నా చెవుల్లో మొదట ఆగినవి గజ్జెలు.

చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన పాత పాట ఒకటుంది. రెండో చరణానికి ముందు వయొలిన్లు తగ్గి, ఎడమ చెవిలో గజ్జెలు మొదలై, మెల్లగా తల వెనక నుంచి కుడి చెవికి వెళతాయి. ఎవరో మన వెనకగా నడిచి వెళ్ళినట్టే ఉంటుంది. తిరిగి చూడాలనిపిస్తుంది. సంగీత దర్శకుడి తెలివి గురించి మాట వస్తే నేను ఎప్పుడూ చూపించే చోటు అదే. ఆ పాటను శుభ్రం చేసి కొత్తగా విడుదల చేశారని తెలిసి, ప్లాంటు బస్సులో పెట్టుకున్నాను. వయొలిన్లు తగ్గాయి. తర్వాత ఖాళీ. ఖాళీ తర్వాత చరణం.

నాకు కోపం వచ్చింది. పాత పాటల అభిమానుల గ్రూపులో నెంబర్లు వేసి పెద్ద వ్యాసం రాశాను. గరగరను తీసేసే సాఫ్ట్‌వేర్ గజ్జెలను కూడా గరగర అనుకుందని, వినేవాళ్ళు లేకుండా వినే పనిని యంత్రానికి అప్పగిస్తే ఇలాగే ఉంటుందని, ఇంకా చాలా. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన తనకు కూడా పాట వెలితిగా అనిపించిందని రాశాడు. ఒక్క కుర్రాడు మాత్రం, "అన్నా, గజ్జెలు ఉన్నాయి, ఇయర్‌ఫోన్ మార్చి చూడు," అన్నాడు. మార్చి చూశాను. లేవు. నా వాదన ఇంకా బలపడింది.

తర్వాత వరసగా వచ్చాయి అభిప్రాయాలు. కొత్త పాటల్లో తాళాలు మెరవడం లేదు. గాయనులు మాట చివర మింగేస్తున్నారు. వాన పాటలో వాన కనపడుతోంది గాని వినపడటం లేదు. ఒక పెద్ద సినిమాను మొదటి రోజే చూసి, యుద్ధంలో కత్తులు చెక్కతో చేసినట్టున్నాయని, ఈ తరం మిక్సింగ్ ఇంజనీర్లకు సన్నటి శబ్దమంటే భయమని రాశాను. దానికి కూడా ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒప్పుకోలే అన్నిటికంటే భయంగా అనిపిస్తుంది. ఒక మనిషి చెవులు పోతుంటే ఆ సంగతే తెలియకుండా ఒక గుంపు చప్పట్లు కొట్టింది.

పని నేర్చుకున్న పద్ధతిలోనే నేను కారణం వెతికాను. ఇయర్‌ఫోన్ మార్చాను, ఫోను మార్చాను, యాప్ మార్చాను, థియేటరు మార్చాను. ప్రతిసారీ శబ్దం అలాగే మూసుకుపోయి ఉంది. అన్నిచోట్లా అదే కనపడితే అన్నిచోట్లా ఉన్నది ఒకటేదో చూడాలని ట్రైనీలకు నేనే చెబుతాను. నా విషయంలో మాత్రం పరిశ్రమ మొత్తం చెడిపోయిందని తేల్చాను.

అప్పట్లో నా పని ఎక్కువగా కంప్రెసర్ల గదిలో. అక్కడ మాట వినపడదు, సైగలతోనే పని. చెవులను పూర్తిగా మూసే డిప్పలు పెట్టుకోకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. నేను ఆ డిప్పల కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. నియమం పాటించినట్టూ ఉంటుంది, పాటా వినపడుతుంది. దాన్ని నేను మంచి ఏర్పాటనుకున్నాను. బయటి మోతను డిప్పలు ఆపుతాయి, లోపల నాకొక చిన్న స్టూడియో, పాటలో ఏ మూల ఏముందో వెతుక్కోవచ్చు. కానీ ఇయర్‌ఫోన్ తీగ బయటికి వచ్చేచోట డిప్ప అంచు లేచి, ఆ సందులోంచి మోత లోపలికి వచ్చేది. దాన్ని దాటడానికి పాటను పెంచేవాణ్ణి. కొన్ని నెలలకు ఆ పెంచిన స్థాయే నాకు మామూలు స్థాయి అయింది. ఫోను ఎర్రగీత చూపించి, ఇది చెవులకు మంచిది కాదని అడ్డుపడేది. చదవకుండా దాన్ని పక్కకు తోసెయ్యడం వేలికి అలవాటైపోయింది. హెచ్చరికలు చదవడానికే ప్లాంటులో జీతం తీసుకుంటున్నవాణ్ణి.

ఇంట్లో కూడా ఒకటొకటిగా ఆగుతున్నాయి. వాటిని నేను వేరే లెక్కలో వేసుకున్నాను. అవ్వ గాజులు చప్పుడు చేయడం మానేస్తే, ప్లాస్టిక్ గాజులు వేసుకుంటోందనుకున్నాను. పోపు చిటపటలు తగ్గితే, అమ్మ నూనె తగ్గించిందనుకున్నాను. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని అవ్వ నమ్మకం. అలా జరిగినప్పుడల్లా వేలు పైకెత్తి, "ఇన్నావా, బల్లి గూడా పలికింది," అనేది. నాకు ఏ బల్లీ వినపడలేదు. తన మాట నెగ్గించుకోవడానికి ముసలామె బల్లిని కల్పించుకుంటోందని నవ్వుకునేవాణ్ణి. ట్యూబులైటు వెనక బల్లి తోక మాత్రం కనపడేది.

ఆ రోజుల్లోనే అత్త గొంతు మీద కూడా కొత్త అభిప్రాయం ఏర్పడింది. పెద్దకోడలి భయమంతా ఊపిరిలో ఉంటుంది. స, శ, ష పలికేటప్పుడు ఆ ఊపిరి సన్నగా, కత్తి అంచులాగా బయటికి వస్తుంది. నాకది వినపడటం మానేసింది. ఎపిసోడ్ అయ్యాక, ఆ అక్షరాల దగ్గర తేలిపోతున్నావని, పాత్ర మెత్తబడిందని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఎప్పటిలాగే చెప్పానంది. కానీ నేను చెవిని కదా. మర్నాటి నుంచి ఆ చోట్ల నొక్కి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మార్పు ఎపిసోడ్‌లో కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. అది వచ్చాక విన్నాను. ఇంకా లేదన్నాను. ఆమె ఇంకొంచెం నొక్కింది. నేను ఇంకా అన్నాను.

ఒక సాయంత్రం ఆమె స్టూడియో నుంచి వచ్చి చెప్పులు విప్పింది. వంటింట్లో నీళ్ళు తాగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ రోజు చెప్పినవన్నీ మళ్ళీ చెప్పించారట. అద్దాల గదిలోంచి ఇంజనీరు, పళ్ళు కొత్తగా కట్టించుకున్నావా అక్కా అని అడిగాడట. అందరూ నవ్వారట. నవ్వడం అయ్యాక డైరెక్టరు మర్యాదగానే, ఇలాగే ఉంటే ఇంకో గొంతును చూసుకోవాల్సి వస్తుందని చెప్పాడట. ఆ సన్నివేశాన్ని ఫోనులో తెచ్చుకుంది.

"నువ్వే ఇని చెప్పు. వాళ్ళ మాట గాదు, నీ మాట చెప్పు," అంది.

కళ్ళు మూసుకుని విన్నాను. పెద్దకోడలు చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసి, ఆస్తి కాగితాల సంగతి మెల్లగా అడుగుతోంది. వెనక ఆ లోతైన మోత ఎప్పటికంటే స్పష్టంగా, నిండుగా ఉంది. గొంతు కూడా బాగుంది. ఇప్పుడు సరిగ్గా సరిపోయిందని, ఇంకాస్త పెంచినా తప్పులేదని చెప్పబోతున్నాను.

పడక్కుర్చీలోంచి అవ్వ అంది, "ఎవురే అది? పాము మాదిరి ఒగటే బుసకొడతా ఉండాది."

అత్త నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది. ఫోనును నా చెవికి దగ్గరగా పెట్టి అదే మాటను మళ్ళీ వినిపించింది. మళ్ళీ. నా ముఖంలో ఏం వెతుకుతోందో నాకు తెలుస్తూనే ఉంది. అది అక్కడ లేదు.

"నీకు ఇనపళ్ళేదా?" అని అడిగింది. ఎగతాళి లేదు, కోపం లేదు. పెద్దకోడలు వాడే గొంతుకు చాలా దగ్గరగా ఉంది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ప్లాంటులో వాడే పద్ధతిలోనే పరీక్ష పెట్టాను. లోతుగా మొదలై పైకి పైకి వెళ్ళే ఒకే ఒక్క స్వరాన్ని వినిపించే యాప్ ఫోనులో పెట్టాను. శబ్దం ఎంత ఎత్తులో ఉందో తెర మీద అంకె పెరుగుతూ కనపడుతుంది. హాలు మధ్యలో ముక్కాలిపీట మీద ఫోను పెట్టి, వినపడటం ఆగినప్పుడు చెయ్యెత్తమని అత్తకూ అవ్వకూ చెప్పాను. నమ్మదగిన మీటరును పక్కన పెట్టి పోల్చడమంటే ఇదే. తేడా ఏమిటంటే ఈసారి అనుమానం ఉన్న మీటరు నేను.

స్వరం మొదలైంది. ఈల అయింది. ఈల సన్నబడింది, సన్నబడి దారమై, తెగిపోయింది. అంకె ఇంకా పెద్దగా పెరగనే లేదు. ఫోను స్పీకరు ఆగిపోయిందనుకుని సరిచేయడానికి చెయ్యి చాపాను. అప్పుడు తలెత్తి చూశాను. అవ్వ తల పక్కకు వంచి, కళ్ళు చికిలించి శ్రద్ధగా వింటోంది. చెయ్యెత్తలేదు. అత్త ముఖం ముడుచుకుంది. ఆమె కూడా చెయ్యెత్తలేదు. అంకె పెరుగుతూనే ఉంది. హాలు నాకు పూర్తిగా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో అత్త రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఆపురా, తల పగిలిపోతాండాది," అంది.

నేను వెంటనే ఆపలేదు. ఆమెను చూస్తూ కూర్చున్నాను. తెర మీద ఏమీ మారకుండా హాల్లో జనం వెనక్కి జరగడం గురించి నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో.

మైలాపూరులో చెవుల పరీక్ష చేసే చోటికి అత్తే తీసుకెళ్ళింది. పొద్దుటి రైల్లో వెళ్ళాం. అక్కడ ఒక గదిలో ఇంకో చిన్న గది ఉంది, ఫ్రిజ్ తలుపు లాంటి మందపాటి తలుపుతో. లోపల ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతిలోకి ఒక మీట. పరీక్ష చేసే ఆమె తమిళంలో వివరంగా చెప్పింది. ఎంత సన్నగా వినపడినా సరే, వినపడగానే నొక్కాలి. అనుమానంగా ఉన్నా నొక్కాలి. తలుపు మూసింది. చిన్న అద్దంలోంచి ఆమె ముఖం, వెనక బెంచీ మీద అత్త కనపడుతున్నారు. స్టూడియోలో అయితే అద్దానికి లోపలివైపు, ఇప్పుడు నేనున్న చోట, అత్త ఉంటుంది.

లోతైన స్వరాలు సులువుగా వచ్చాయి. నొక్కాను. తర్వాతివి కూడా. మధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతల ఆమె చేతులు కదులుతూనే ఉన్నాయి. తల వంచి ఏదో గుర్తు పెట్టుకుంటోంది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మింగిన ఉమ్మి వినపడుతోంది. అప్పుడు సన్నగా, చాలా దూరంలో, కీచురాళ్ళు మొదలయ్యాయి. పోయినవి తిరిగి వచ్చాయన్న సంతోషంతో మీట నొక్కాను. అవి ఆగలేదు. మళ్ళీ నొక్కాను. అవి ఇంకా వస్తూనే ఉన్నాయి కాబట్టి నొక్కుతూనే ఉన్నాను.

తలుపు తెరుచుకుంది. ఎందుకు నొక్కుతున్నారని ఆమె అడిగింది. కీచురాళ్ళలాంటి శబ్దం ఇచ్చారు కదా అన్నాను. ఆమె అత్త వైపు ఒకసారి చూసి, మెల్లగా, "అలాంటి శబ్దం నేనేమీ ఇవ్వలేదు," అంది.

కాగితం మీద గీత చూపించింది. నాకు గీతలు చదవడం వచ్చు. ఎడమ వైపున తిన్నగా వస్తున్న గీత ఒకచోట బావిలోకి దిగినట్టు దిగిపోయింది. ఆ బావిలోనే గజ్జెలు, గాజులు, బల్లి, వాన, అత్త ఊపిరి ఉన్నాయి. నా ప్రతి ప్రశ్నకూ ఆమె తొందరపడకుండా సమాధానం చెప్పింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలుస్తుందా అన్నది ఇకమీద నేను ఎలా ఉంటానన్నదాన్ని బట్టి, కొంత అదృష్టాన్ని బట్టి. లోపల వినపడే రొద తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు, చాలామంది అలవాటు పడతారు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చి గీత ఇంకా దిగిందో లేదో చూసుకోవాలి. అత్త ఆమెను ఒకే ఒక్కటి అడిగింది, మాటలు వినపడటం ఎప్పటిదాకా ఉంటుందని. ఆ ప్రశ్నకు ఆమె, మళ్ళీ రావలసిన తేదీ కాగితం మీద రాసి అత్త చేతిలో పెట్టింది.

తిరుగు రైల్లో అత్త కిటికీ వైపు కూర్చుంది. "ఇప్పుడు గూడా ఇనపడతాండాయా?" అని అడిగింది. అవునన్నాను. నిజంగా బయట ఏమైనా అరుస్తున్నాయేమో చూడమన్నాను. ఆమె బోగీలో అటూ ఇటూ చూసి, కాసేపు శ్రద్ధగా విని, లేదన్నట్టు తల ఊపింది.

ప్లాంటులో అడిగి కంప్రెసర్ల గది నుంచి కంట్రోల్ రూముకు మారాను. ఇయర్‌ఫోన్లు పెట్టె మీద పెట్టెగా అలమారలో ఉన్నాయి. అభిమానుల గ్రూపులో నా వ్యాసాలన్నీ ఇంకా అలాగే ఉన్నాయి. గజ్జెల పాట కింద నా అసలు సంగతి రాశాను. మెచ్చుకున్నవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఆ కుర్రాడు ఒక్కడే, గజ్జెలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో సెకన్లతో సహా రాసి పంపాడు. ఇప్పుడు ఆ పాట వింటే ఆ చోట నేను లోపలే నడిపిస్తాను, ఎడమ నుంచి కుడికి. కానీ ఆ నడక రోజురోజుకూ కొంచెం మారుతోందేమోనని అనుమానం. సరిచూసుకోవడానికి పక్కన పెట్టే మీటరు లేదు.

అత్త తన పాత ఊపిరికి తిరిగి వెళ్ళింది. ఇంజనీరు మళ్ళీ ఏమీ అనలేదట. సాయంత్రాలు అందరం అవే చోట్లలో కూర్చుంటాం. ఎపిసోడ్ అయిపోగానే ఆమె ఎప్పటిలాగే పళ్ళెం పక్కన పెట్టి తల తిప్పుతుంది. సగం నా వైపు తిరిగి, అక్కడి నుంచి అవ్వ వైపు తిరుగుతుంది. అవ్వ బాగుందంటుంది, ఎప్పుడూ బాగుందనే అంటుంది. నా వంతు అలా దాటిపోవడాన్ని ఎవరూ మాటల్లో పెట్టలేదు. పెద్దకోడలు వచ్చినప్పుడు ఆ లోతైన మోత మాత్రం నాకు బ్రహ్మాండంగా వినపడుతుంది. మిగతావన్నీ పలచబడటంతో ఇప్పుడది హాలంతా ఆక్రమించుకుంది. సీరియల్ అయిపోయి టీవీ ఆపేశాక కూడా, దూరంగా హార్బరు వైపు వెళ్ళే లారీల్లో అది కొనసాగుతుంది.

ఈమధ్య ఒక శనివారం మాట్నీకి అత్త దెయ్యం సినిమా టికెట్లు కొనుక్కొచ్చింది. వద్దనుకున్నాను గాని వెళ్ళాను. సినిమా బాగానే తీశారు. అనవసరమైన తలుపు చప్పుళ్ళు లేవు. తెర మీద సంధ్యవేళ. పాత ఇంటి మిద్దె మీద ఒక అమ్మాయి ఆరేసిన బట్టలు తీస్తోంది. వెనక కీచురాళ్ళు. అవి సినిమావో నావో తెలుసుకోవడానికి ప్రయత్నించాను. తెలియలేదు. పని తెలిసిన సౌండ్ డిజైనర్ అని మొదటి నుంచే అర్థమైంది కాబట్టి ఏం చేస్తాడో నాకు తెలుసు. అత్త మోచేతికి దగ్గరగా చెయ్యి పెట్టుకుని, ఆగడం కోసం ఎదురు చూశాను. అమ్మాయి ఒక్కొక్క బట్టే మడత పెడుతోంది. ఆఖరి చీర తీగ మీద ఉంది. కీచురాళ్ళు అరుస్తున్నాయి.

ముందు వరసలో తలలు కొంచెం వెనక్కి జరిగాయి. పక్కన ఎవరిదో చెయ్యి పాప్‌కార్న్ పొట్లంలో అలాగే ఉండిపోయింది. నేను ఇంకా వింటూనే ఉన్నాను. అప్పుడు నా మోచేతి మీద అత్త వేళ్ళు మెల్లగా తట్టాయి.

కీచురాళ్ళు అరుస్తూనే ఉన్నాయి.